డాలు పట్టిన ఆదివారాలు

మొన్న ముక్తేశ్వరంలో దూరపు చుట్టాల గృహప్రవేశానికి వెళితే, భోజనాల దగ్గర నా బావమరిది ఎదురు వరసలో కూర్చున్నాడు. వడ్డన పూర్తయింది గానీ వరస మొదట్లో ఉన్న పెద్దాయన ఇంకా ఆకులో చెయ్యి పెట్టలేదు. మావాడు అప్పటికే పనసపొట్టు కూర కలుపుకుని రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు. నన్ను చూసి, నమలడం ఆపకుండానే, "బాగున్నారా బావగారూ" అన్నాడు. నేను చూపు దించుకున్నాను. కొన్నేళ్లుగా అతనితో నాకు మాటలు లేవు. కారణం పొలం గట్టు కాదు, పెళ్లి సంబంధం కాదు, ఒక కంప్యూటర్ ఆట. నవ్వుతారని ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నవ్వినా ఫరవాలేదనిపిస్తోంది.

కొత్తపేట దగ్గర మా తాతగారి లోగిట్లో ఆయన ఆకులో చెయ్యి పెట్టి "ఊఁ, కానివ్వండి" అంటే తప్ప బంతిలో ఎవరూ అన్నం ముట్టేవారు కాదు. ఆ లోగిలి గది గదిగా, కొబ్బరితోట చెట్టు చెట్టుగా చేతులు మారి, నా వాటాకు వచ్చేసరికి నిటారుగా కూర్చునే అలవాటొక్కటీ మిగిలింది. అమలాపురంలో రెండు గదుల అద్దె పోర్షనులో కూడా నేను అలాగే కూర్చుంటాను. కరోనాకు అందరూ ఇళ్లలో చిక్కుకుపోయిన రోజుల్లో బావమరిది నాకు ఈ ఆట నేర్పాడు. అతను రాజోలు నుంచి, మా పిన్ని కూతురు, కాలేజీలో పాఠాలు చెప్పే మా చెల్లెలు, ఊళ్లోనే తన ఇంటి నుంచి, బావమరిది స్నేహితులిద్దరు ఎక్కడి నుంచో. మొత్తం ఐదుగురం ఆదివారం మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక బురదమడుగులోకి దిగేవాళ్లం, అందులో ఉండే రాక్షసుణ్ని చంపడానికి.

ఆ ఆటలో నన్ను పట్టేసిన సంగతి ఒకటుంది. రాక్షసుడు కనిపించినవాణ్ని కనిపించినట్టు కొట్టడు. ఎవరు తనను ఎంత బాధపెట్టారో మనసులో లెక్క కట్టుకుంటాడు. దెబ్బకు కొంత కోపం పెరుగుతుంది. ఒక్క దెబ్బా కొట్టకుండా మనవాళ్ల గాయాలు మాన్పేవాళ్ల మీద కూడా పెరుగుతుంది, అదే విచిత్రం. మాలో ఆ వైద్యం పని మా చెల్లెలిది. ఎవరి మీద కోపం ఎక్కువైతే వాళ్ల మీదికే తిరుగుతాడు. దీన్ని అగ్రో అంటారు. అందుకని మందపాటి కవచం తొడిగిన ఒకడు డాలు పట్టుకుని ముందు నిలబడి, సవాలు విసిరి, ఆ కోపమంతా తన మీదికి లాక్కోవాలి. వాడు ట్యాంకు. వాడు మొదటి దెబ్బ కొట్టి కోపం పోగు చేసుకునేదాకా మిగతావాళ్లు చెయ్యెత్తకూడదు. తెర పక్కన ఎవరి మీద ఎంత కోపం ఉందో చూపించే పట్టీ కూడా ఉంటుంది. ఈ నియమం విన్నప్పుడు నాకు ఎవరో మా ఇంటి మర్యాదను యంత్రంలో పెట్టినట్టనిపించింది. ట్యాంకు నేను కాక ఇంకెవరు? నేను కొట్టి "ఊఁ, కానివ్వండి" అనేవాణ్ని, అటు నుంచి నాలుగు గొంతులు "ఆయ్" అనేవి. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, "తాతగారి జమీ పోయినా మనవడికి రైతులు దొరికేరండి" అనేది.

మడుగు రాక్షసుణ్ని చంపితే ట్యాంకు మాత్రమే పట్టగల డాలు ఒకటి దక్కుతుంది. అది నాకే అని మొదటే చెప్పాను, అందరూ ఒప్పుకున్నారు. నెలల తరబడి ఓడిపోయి, చివరికి ఒక ఆదివారం వాణ్ని కొసప్రాణం దాకా తెచ్చాం. పట్టీలో నా పేరు కింద, నన్ను తాకేంత దగ్గరగా, బావమరిది స్నేహితుల్లో ఒకడి పేరుంది. రెండు కత్తులతో పోరాడేవాడు, నెమ్మదస్తుడు. "కాస్త చెయ్యి తగ్గించండి" అన్నాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. పేరు తగ్గలేదు. విలుకాడైన బావమరిదికి, తను కొట్టే దెబ్బల కోపాన్ని వేరొకరి లెక్కలో వేసే విద్య ఒకటుంది. ఎప్పుడూ నా లెక్కలో వేసేవాడు. "నా మీదే వేస్తున్నావా?" అని అడిగాను. "మీరు కానివ్వండి బావగారూ, నేను చూసుకుంటా కదా" అన్నాడు.

నా ప్రాణం తగ్గుతోంది. "అమ్మాయ్, వైద్యం!" అన్నాను. "ఆయ్, అన్నయ్యగారూ" అంది మా చెల్లెలు. వైద్యం రాలేదు. నేను పడిపోయాను. మామూలుగా ట్యాంకు పడితే అందరూ పోవాలి. కానీ రాక్షసుడు తిన్నగా ఆ రెండు కత్తులవాడి మీదికి తిరిగాడు. వాడు కత్తులు దించి, అప్పటికే సిద్ధం చేసుకున్న మామూలు డాలు తీసి, తనే ట్యాంకయ్యాడు. మా చెల్లెలి వైద్యం వాడి మీద వానలా కురిసింది. రాక్షసుడు కూలాడు. ఆ కొత్త డాలు వాడి చేతికి వెళ్లింది. నేను బురదలో బోర్లాపడి అంతా చూశాను. "ఆటే కదండీ బావగారూ, మనసులో పెట్టుకోకండి" అని బావమరిది గొంతు వినిపించింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను.

మర్నాడు చెల్లెలి ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చి, నిలబడే ఉంది.

"ఎన్నాళ్ల నుంచి అనుకున్నారు?"

"రెండు మూడు వారాలైంది అన్నయ్యగారూ."

"ఎందుకు?"

"ఆదివారం వస్తోందంటే భయమేసేదండి. ఒక బాణం ముందు పడితే గంటసేపు చీవాట్లు. మేం ఆడుకోడానికి వచ్చేం, కొలువుకి కాదు."

"నాతో చెప్పొచ్చు కదా."

"మీకు ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదండి" అంది.

కాఫీ తాగకుండా లేచి వచ్చేశాను. అడగకూడనిది నేనేమీ అడగలేదని ఇప్పటికీ అనుకుంటాను. దెబ్బలన్నీ తిన్నవాడు మొదటి దెబ్బ తనదనడం తప్పెలా అవుతుంది? వాళ్లు ముఖాన తిట్టి వెళ్లిపోయినా భరించేవాణ్ని. మూడు వారాలు వినయంగా పలుకుతూ, నా వెనకే నిలబడి, నేనెప్పుడు పడాలో లెక్క వేసుకున్నారు. రాక్షసుడి కోపానికి పట్టీ ఉంది. వెనక ఉన్నవాళ్ల కోపానికి ఎవరూ పట్టీ తయారుచేయలేదు.

ఆ రాక్షసుడిలో మెచ్చుకోవలసిన గుణం ఒకటుంది. పోరు ముగిస్తే లెక్కంతా సున్నా. చచ్చినా మళ్లీ లేచి కూర్చుంటాడు, వారం తర్వాత వెళితే మనల్ని ఎప్పుడూ చూడనట్టే చూస్తాడు. నాకు ఆ విద్య అబ్బలేదు. కాలం గడిస్తే చల్లారుతుందన్నారు. కాలం గడిచింది, నాతో పాటు నా కోపానికీ కాస్త వయసు పెరిగింది, అంతే.