బోరింగు నీళ్ళ పళ్ళు

నిన్న మా మనవరాలి బడికి పంటి డాక్టర్లు వచ్చి, పిల్లలకు తలా ఒక బ్రష్షూ పేస్టూ ఇచ్చి పోయారట. అది ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అద్దం వదలకుండా నురగలు కక్కుతూ తోముతూనే ఉంది. నాకు మాత్రం కాలు నిలవక, ఏ నీళ్ళు తాగుతున్నారో వాళ్ళు అడిగారా అని దాని వెంటపడ్డాను. పళ్ళకూ నీళ్ళకూ ఏం సంబంధమన్నట్టు చూసిందది. మదనపల్లెలో పుట్టిన పిల్లకు ఏం తెలుస్తుంది? నాతోపాటు మెట్ట పల్లెల్లో పెరిగిన మీకైతే చెప్పక్కర్లేదు.

మాది పెద్దపంజాణి పక్కన పల్లె. నేను పుట్టిన ఏడాదే మా వీధిలో బోరింగు వేశారు. అంతవరకు గుట్ట కింది బావి నుంచి నీళ్ళు మోసిన మా అమ్మ, నాలుగు అడుగుల్లో బిందె నిండుతుంటే మురిసిపోయి, నన్ను అదృష్టవంతురాలని చంకనేసుకుని ఊరంతా తిరిగిందట. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాక కదా ఆ అదృష్టమేమిటో తెలిసింది! పళ్ళ నిండా గోధుమరంగు మరకలే.

మా బడిలో పళ్ళు తోమించే కార్యక్రమం పెట్టింది కూడా అప్పుడే. ప్రార్థన కాగానే అందరం అదే బోరింగు దగ్గర వరుసగా నిలబడి తోముకోవాలి. తర్వాత అయ్యవారు నోళ్ళు తెరిపించి చూసి, తెల్లపళ్ళవాళ్ళను ఒక పక్క, గారపళ్ళవాళ్ళను ఒక పక్క నిలబెట్టేవారు. నేనెప్పుడూ గారపళ్ళ వరుసే. అమ్మ పరువు పోయిందని బొగ్గు, ఇటుక పొడి, ఆఖరికి ముగ్గుపిండి కూడా పెట్టి నా చిగుళ్ళు చిట్లి రక్తం కారేదాకా రుద్దేది. నాకంటే ఆరేళ్ళు పెద్దవాడైన మా అన్న మాత్రం బ్రష్షు తడిపి తెచ్చి తోమానని బొంకేవాడు. వాడి పళ్ళేమో పచ్చికొబ్బరి ముక్కలు! నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకనాడు కుప్పం నుంచి మా బడికి పంటి డాక్టరమ్మ వచ్చింది. మా అన్నను, నన్ను పక్కపక్కన నిలబెట్టి చూసి, చంటిపిల్ల మా చెల్లెల్ని ఎత్తుకుని వచ్చిన మా అమ్మను బ్రష్షు సంగతి అడగనే లేదు. వీళ్ళు పసితనంలో ఏ నీళ్ళు తాగారని అడిగింది. అన్న బావి నీళ్ళు తాగి పెరిగాడు, నేను బోరింగు నీళ్ళు. ఇది మురికి కాదనీ, ఆ నీళ్ళ మరక అనీ, ఎంత తోమినా పోదనీ ఆమె చెబితే అమ్మ చంటిదాన్ని ముందుకు చూపించింది.

"అయితే ఈ సంకలో దానికీ ఇట్లనే వస్తాదా మేడమ్మా?"

దాని పెద్దపళ్ళు ఇంకా చిగుళ్ళ లోపలే తయారవుతున్నాయి కాబట్టి, ఆ నీళ్ళు తాపకుంటే చాలన్నది డాక్టరమ్మ.

మర్నాటి నుంచి అమ్మ మళ్ళీ గుట్ట కింది బావికి నడిచింది. ఎండిపోతున్న ఆ బావిలో దొరికేది ఒక్క బిందె. అది చెల్లెలికే. దానికి కాపలా నేను. బడిలో కూర్చున్నా ప్రాణమంతా ఇంటి దగ్గరే. ఎవరైనా పొరపాటున బోరింగు నీళ్ళు తాపేస్తారేమోనని గంట కొట్టగానే పరుగు తీసేదాన్ని.

"యాలే అట్ల ఉరుకుతాండావు? నీ చెల్లికి మేమేమన్నా విషం పోస్తాండామా?" అని నవ్వేది మా అవ్వ.

ఏళ్ళు గడిచి చెల్లెలి పాలపళ్ళు ఊడాక, రోజూ దాని పెదవి ఎత్తి చూసి దానితో తిట్లు తినేదాన్ని. చివరికి కొత్తపన్ను వచ్చింది, మరక లేకుండా తెల్లగా. అమ్మ దాన్ని వేలితో తడిమి తడిమి చూసి పగలబడి నవ్వింది. ఆ సంతోషంలో నేనూ నవ్వాను. అమ్మ చూపు నా నోటి మీద పడింది. ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత అమ్మ ఎదుట నేను పెదవులు మూసే నవ్వాను.

ఇప్పుడు బోరింగు లేదు, బావీ లేదు. గడప దగ్గరికే క్యాన్లు వస్తాయి. ఇవి యాడి నీళ్ళప్పా అని అడిగితే, మినరల్ అవ్వా అంటాడు క్యాన్లు తెచ్చేవాడు. యాడివో వాడికీ తెలియదు. మనవరాలు అద్దం ముందు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ, నన్నూ నవ్వమంటుంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పుడు నోరారా నవ్వినా నొచ్చుకునేవాళ్ళు లేరు. అయినా పెదవులు విడిపడవు.