రెండో కుర్చీ నిండేదాకా

మూట్ కోర్ట్ ఫైనల్ ఇంకా రెండు రోజులుందనగా పొద్దున్నే మా అమ్మ ఫోన్ పట్టుకుని గదిలోకి వచ్చి, "జడ్జమ్మ గారు పోయారటే" అంది. అప్పుడు నేను అద్దం ముందు నిలబడి నా వాదన బిగ్గరగా అప్పజెప్పుకుంటున్నాను. ఆ పోటీకి జడ్జిగా కూర్చోవలసింది ఆవిడే.

ఆవిడ మెజిస్ట్రేటుగా జిల్లా అంతా తిరిగి, రిటైరయ్యాక బందరులో మా వీధి చివర స్థిరపడ్డారు. నేను లా కాలేజీలో చేరిన రోజు నుంచీ ఆవిడ వరండా నాకు రెండో కాలేజీ. అక్కడ ఒక ఉయ్యాలబల్ల, దానికి ఎదురుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఉయ్యాల ఆవిడది, కుర్చీలు తగువులతో వచ్చేవాళ్లవి. ఎదురింట్లో పై వాటా ఆవిడకీ కింది వాటా ఆవిడకీ నీళ్ల మోటారు దగ్గర ఎప్పుడూ గొడవే. ఇద్దరిలో ఒక్కరే వస్తే జడ్జమ్మ గారు మజ్జిగ ఇచ్చి, ఎండల గురించి మాట్లాడేవారు.

"అది కాదండీ, ఆవిడ పొద్దున్న ఏం చేసిందో తెలుసా..."

"ఆవిడని కూడా రానివ్వండి."

రెండో కుర్చీ నిండేదాకా ఒక్క ముక్క వినేవారు కాదు. చేసేది లేక ఈవిడే వెళ్లి ఆవిడని పిలుచుకొచ్చేది. రోడ్డు దాటి వచ్చేసరికే సగం గొడవ చల్లారిపోయేది.

మా కాలేజీ వాళ్లు మూట్ కోర్ట్‌కి, అంటే విద్యార్థులు ఉత్తుత్తి కేసును నిజం కోర్టులోలాగా వాదించే పోటీకి, ఇచ్చిన అంశం విని నేను ఎగిరి గంతేశాను. అమెరికాలో వలసదారుల కేసులు వినే జడ్జీలు మామూలు కోర్టు జడ్జీల్లాంటివాళ్లు కారట! ప్రభుత్వ న్యాయశాఖలో ఉద్యోగులట. వాళ్లని నియమించేదీ ఆ శాఖ పెద్దే, కావాలంటే వాళ్ల తీర్పును తిరగరాయగలిగేదీ ఆయనే. ఒక మనిషిని దేశంలో ఉండనివ్వాలా, పంపించెయ్యాలా అని ప్రభుత్వంతో పేచీ వస్తే, తేల్చవలసిన జడ్జి ప్రభుత్వం మనిషే! ఇది ఇలాగే ఉండవచ్చా, వాళ్లకి స్వతంత్రమైన కోర్టు కావాలా అన్నదే కేసు. స్వతంత్రం కావాలని గొంతు చించుకుని వాదించాలనుకున్నాను. చీటీ తీస్తే నాకు ప్రభుత్వ పక్షం వచ్చింది. నేను కోరుకున్న పక్షం, గుడివాడ నుంచి రోజూ బస్సులో వచ్చే నా క్లాస్‌మేట్‌కి వెళ్లింది.

ఏడుపు మొహంతో, అరకిలో బందరు లడ్డు పట్టుకుని ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. "కాస్త నా పాయింట్లు చూసి పెట్టండి" అన్నాను.

ఆవిడ డబ్బా తీసుకుని కిటికీలో పెట్టేశారు. "నీ ఎదుటి పక్షం ఏదే?"

"గుడివాడలో ఉందండీ."

"బస్సులు తిరగట్లేదా? పిలుచుకురా. లడ్డూలు కూడా అప్పుడే."

ఆదివారం నా ప్రత్యర్థిని నేనే బస్టాండుకి వెళ్లి తీసుకొచ్చాను. కాలేజీలో మేం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం కాదు. ఆ రోజు చెరో కుర్చీలో కూర్చున్నాక, ఆవిడ ఉయ్యాల ఆపి అవనిగడ్డలో పనిచేసినప్పటి సంగతి చెప్పారు.

తుఫాను గాలికి ఇంజను చెడిపోయి, పరాయి దేశపు జాలర్లు కొందరు హంసలదీవి దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చారు. కాగితాలు లేవని పోలీసులు కేసు పెట్టి ఆవిడ ముందు నిలబెట్టారు. వాళ్ల భాష తెలిసిన మనిషి దొరికేదాకా ఆవిడ కేసు కదపలేదు. "అర్థంకాకుండా నిలబడినవాడు వచ్చినట్టు కాదే. ఆ కుర్చీ ఖాళీ కిందే లెక్క" అన్నారు. ఈలోగా ఎవరో పెద్దాఫీసరు ఫోన్ చేసి, త్వరగా శిక్ష వేసి ముగించమన్నాడు. ఆవిడ సరాసరి బెంచి మీదికి వచ్చి, అందరూ వింటుండగా, "పొద్దున్న నాకొక ఫోన్ వచ్చింది. అందులో చెప్పింది ఇదీ. దీనికి ఎదుటి పక్షం ఏమంటుంది?" అని అడిగారట. దిక్కుతోచక ఒడ్డు పట్టినవాళ్లు నేరగాళ్లు కారని తీర్పు రాశారు. వాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు.

"మీకు భయం వెయ్యలేదా అండీ?" అంది నా క్లాస్‌మేట్.

"ఎందుకెయ్యదూ? కానీ నన్ను బదిలీ చెయ్యాలంటే హైకోర్టు చెయ్యాలి, ఆ ఆఫీసరు కాదు. ఆ ధైర్యం నాది కాదమ్మా, ఆ ఏర్పాటుది. అమెరికాలో ఆ జడ్జీల్లోనూ నాకంటే ధైర్యవంతులు ఉంటారు. కానీ ధైర్యం ఉంటేగానీ న్యాయం చెయ్యలేని కుర్చీలో మనిషిని కూర్చోబెట్టకూడదు."

ఆ మాట నోట్సులో రాసుకున్నాను. వెంటనే దిగులేసింది. "మరి నేను దానికి వ్యతిరేకంగా వాదించాలి కదండీ!"

"బాగా వాదించు. నువ్వు పేలవంగా వాదిస్తే ఈ పిల్ల గెలుపుకి విలువేముంది?"

ఇద్దరిచేతా మూడు గంటలు వాదింపజేశారు. దేశంలోకి ఎవరు రావాలన్నది జనం ఎన్నుకున్న ప్రభుత్వం తేల్చాలని, ఒకే పద్ధతి లేకపోతే ఒక్కో జడ్జిది ఒక్కో మాటవుతుందని నేనన్నాను. ఆవిడ కళ్లు మెరిశాయి. చీకటిపడ్డాక లడ్డు డబ్బా తెరుచుకుంది.

ఆవిడ పోయారని తెలిసి పోటీ వాయిదా వేద్దామని కాలేజీ వాళ్లు అంటే, ఆవిడ కూతురు ఒప్పుకోలేదు. "అమ్మకి వాయిదాలంటే ఒళ్లుమంట" అంది. మా లెక్చరర్ గారే జడ్జిగా కూర్చున్నారు. నేను నమ్మని పక్షాన్ని నా జన్మలో ఎన్నడూ లేనంత గట్టిగా వాదించాను. ఓడిపోయాను! వరండాలో నా ప్రతి పాయింటూ విన్న ఆ గుడివాడ పిల్ల ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. అంత సంతోషంగా ఓడటం ఉంటుందని నాకు తెలియదు.

సాయంత్రం లడ్డు డబ్బా పట్టుకుని ఇద్దరం ఆవిడ ఇంటికి వెళ్లాం. తలుపు తీసి ఉంది. ఉయ్యాల మీద ఆవిడ కళ్లజోడు పెట్టె ఉంది. ఎదురుగా ఒక కుర్చీలో పై వాటా ఆవిడ మూతి బిగించుకుని కూర్చుంది.

"ఏమైందండీ, మళ్లీ మోటారేనా?" అన్నాను.

"మోటారే. చెప్తానుండు" అని రోడ్డు వైపు చూసింది. "ముందు ఆవిడని రానీ."

రెండో కుర్చీ మీద పడ్డ వేపాకులు చేత్తో దులిపి, తనకి ఎదురుగా జరిపింది.