పసుపు గీత పడిన గోడ

గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు పైన, రెండో అంతస్తులో మా డ్రాయింగ్ ఆఫీసు ఉండేది. ప్రభుత్వ ఇంజనీరింగు శాఖలో ట్రేసరుగా 1993లో రిటైరయ్యాక, అదే పనికి అక్కడ మళ్ళీ కుదిరాను. ఇంజనీరు పెన్సిలుతో గీసిన పటాన్ని పలచటి కాగితం మీదికి సిరాతో ఎత్తడం ట్రేసరు పని. గీత మందం తప్పితే కాగితం మీద గోడ మందం తప్పినట్టే. నా చేతిలో అది తప్పలేదు.

1996 జూన్‌లో మాకొక కోట పని వచ్చింది. నగరానికి మూడు గంటల బస్సు ప్రయాణం, మెదక్ వైపు, గుట్ట మీద చిన్న కోట. దాన్ని బాగుచేసి, చుట్టుపక్కల పొలాల్లో దొరికిన శిల్పాలూ శాసనాలూ పెట్టి పురావస్తు మ్యూజియం చేస్తారట. నేను పెరిగింది ఆ కోటలోనే.

కోటలో పెరిగానంటే మాది రాజవంశమని కాదు. మా అమ్మ బడిపంతులమ్మ. నాన్న పోయాక మిషన్ వాళ్ళ బడిలో పని దొరికి, మా ఇద్దరు అక్కాచెల్లెళ్ళనూ వెంటబెట్టుకుని ఆ ఊరు వచ్చింది. అప్పటికి జాగీర్దారు నగరానికి మారిపోయి, కోట ఖాళీగా ఉంది. కచేరీ నడిచిన కమానుల హాలును బడికి ఇచ్చారు. అమ్మ ఆ హాలుకు అడ్డంగా రాయీ మట్టీ కలిపి ఒక గోడ పెట్టించింది. ఇవతల బడి, అవతల మా ఇల్లు. గోడకు ఒక పక్క నల్లబల్ల, రెండో పక్క పొయ్యి. చలికాలం పొద్దున నల్లబల్ల కింద వీపు ఆనించి కూర్చోవడానికి పిల్లలు కొట్లాడుకునేవాళ్ళు. అక్కడ గోడ వెచ్చగా ఉండేది.

ఆ కోట వయసు చెప్పడానికి పుస్తకాలు అక్కర్లేదు, గోడలు చూస్తే చాలు. అడుగున సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చిన పెద్ద రాళ్ళు కాకతీయుల నాటివి. వాటి మీద సున్నంతో లేచిన దర్వాజా, కమానులు కుతుబ్‌షాహీల నాటివి. కచేరీ గూళ్ళు జాగీర్దారువి. ఆ తరువాత బడి. బడి కొత్త కట్టడంలోకి మారాక మేకలు. మేకల తరువాత మ్యూజియం.

ఇలాంటి పటాల్లో ఉండేది నలుపు, కొత్తగా కట్టేది ఎరుపు, కూల్చేది పసుపు. పురావస్తు వాళ్ళ నిర్ణయం ప్రకారం జాగీర్దారు తరువాత చేర్చినవన్నీ తీసేయాలి. మేకల దొడ్డి పసుపు. బడి వరండా పసుపు. మా అమ్మ గోడ దగ్గర మాత్రం ఇంజనీరు పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాడు.

"మేడమ్, గీ గోడ పాతదా, తర్వాత పెట్టిందా? సున్నం పొరలు మస్తుగున్నయ్, సమజైతలేదు. మీ ఊరే కదా?" అన్నాడు.

"రేపు చెప్తా," అన్నాను. సంవత్సరం నాకు తెలుసు. కానీ అప్పుడు నాకు మూడేళ్ళు, అక్కకు ఎనిమిది. మట్టి తట్టలు మోసింది తను. తననే అడగాలనుకున్నాను.

నాంపల్లిలో ఒక కిరాయి ఇంట్లో నేనూ అక్కా కలిసి ఉండేవాళ్ళం. ఆ సాయంత్రం తను చిక్కుడుకాయలు తుంచుతుంటే అడిగాను.

"ముప్పై ఎనిమిది ఎండకాలం. ఎందుకే?"

చెప్పాను. చేతిలో కాయ చేతిలోనే ఆగింది.

"నల్లగ గీసెయ్. ఒక్క గీతనే కదా."

"అది కాకతీయులది కాదక్కా."

"కాకతీయులొచ్చి అడుగుతరా నిన్ను?"

"అడగరు. రేపు మ్యూజియంల పలక మీద తప్పెక్కుతది. సదువుకునేటోళ్ళు అదే నిజమనుకుంటరు."

"అమ్మకు ఒక్క ఫోటో గూడ లేదు చెల్లె. గా గోడొక్కటే ఉన్నది. నీ చేతులతోని దాన్ని కూలగొడ్తవా?"

మరునాడు ఇంజనీరుతో, "ముప్పై ఎనిమిదిల కట్టింది. తర్వాతదే," అన్నాను. ప్రశ్నార్థకాన్ని రబ్బరుతో చెరిపేశాడు.

అయితే ఆ గోడ పునాది పాత బండల నడుమ దిగి ఉందని నాకు తెలుసు. తవ్వితే చుట్టూ బండలు కదులుతాయి. నేల మట్టం దాకా తీసి కింది వరస అలాగే ఉంచితే మేలని చెప్పాను. ఆయన పటాన్ని కాసేపు చూసి, "ఔ, గట్లనే రాయండి," అన్నాడు. రాశాను. అబిడ్స్‌లో అమ్మోనియా ప్రింట్లు తీయించాం. ప్రింటులో రంగులు రావు, అన్ని గీతలూ నీలమే. కూల్చేవాటికి ప్రతి కాపీ మీదా కుంచెతో పసుపు పూయాలి. అన్నిటికీ నేనే పూశాను.

అక్క పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకు పెట్టింది.

మ్యూజియం 2001లో తెరిచారు. మరుసటి జనవరిలో ఇద్దరం వెళ్ళాం. హాలు నిండా విగ్రహాలు. నేల మీద, నేను రాసినట్టే, అడ్డంగా ఒక రాళ్ళ వరస. అక్క దాన్ని దాటి అవతలికి పోయి, పొయ్యి ఉండిన చోట నిలబడింది. అంతలో ఒక గైడు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"గిది రాణిగారి స్నానాల గది. గీ రాళ్ళ దాకా నీళ్ళు నింపుతుండిన్రు."

"బాబూ, అది బడి గోడ. అవతల పంతులమ్మ ఇల్లు," అన్నాను.

"బడి అంటే ఎవరాగుతరమ్మా?" అని అతను నవ్వాడు.

"ఊకోయే," అని అక్క నా కొంగు గుంజింది. "రాణి అన్నడు కదా, అననియ్యి."

నేను ఊరుకోలేదు. కట్టిన సంవత్సరంతో సహా అంతా చెప్పి, అతని చేత ఒకసారి తిరిగి చెప్పించాను. తిరుగు బస్సులో లక్డీకాపూల్ వచ్చేదాకా అక్క కిటికీలోంచి బయటికే చూసింది. అక్కడ ఇటు తిరిగి, "పునాది నువ్వే ఉంచమన్నవా?" అంది. ఔనన్నాను. "ముందే చెప్పొద్దా మొద్దూ," అని నా చెయ్యి మీద ఒక్కటేసింది.

మరో ఏడాదికి, టీచరుగా చేసే అక్క కూతురు తన బడి పిల్లలను ఆ కోటకు తీసుకుపోయి వచ్చింది.

"చిన్నమ్మా, ఆ గైడు ఏమన్నడో తెలుసా? రాణిగారు గా గదిలనే ఉండి, ఊరి పిల్లలకు సదువు చెప్పిన్రట. ముప్పై ఎనిమిదిల."

అక్క కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "పోవే, మళ్ళొక్కసారి పోయి దిద్దిరా!"

వెళ్దామనే అనుకున్నాను. మరునాడు పొద్దున చూస్తే వాకిట్లో నా చెప్పులు లేవు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు.

అందుకని సరైన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఆ గదిలో ఉన్నది రాణి కాదు, మా అమ్మ. మిగిలిందంతా ఆ గైడు సరిగానే చెప్పాడు.