వాన రోజు స్నానాలు వద్దన్న ఆంటీ

మా ఎదురింటి ఆంటీ పోయారు. ఆదివారం ఉదయం గుండెపోటు వచ్చి, హాస్పిటల్‌కి చేరేలోపే వెళ్ళిపోయారు. న్యూజెర్సీలోని ఈ పాత టౌన్‌లో, తెలుగువాళ్ళే ఎక్కువగా ఉన్న మా వీధికి ఆవిడ పెద్దదిక్కు. సిటీ డ్రైనేజీ విభాగంలో ఇంజనీరుగా రిటైరయ్యాక మా అందరి బాత్‌రూముల మీదా పెత్తనం తీసుకున్నారు.

మబ్బు పట్టిందంటే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చేది: "వాషింగ్ మెషీన్లు ఆపండి. స్నానాలు వాన తగ్గాకే." పండగ పూట కూడా తలంట్లు వద్దన్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. విసుక్కుంటూనే వినేవాళ్ళం.

ఒక వినాయక చవితికి బేస్‌మెంట్‌లో పూజ పెట్టుకున్నాం. ఆంటీ వస్తూనే పీట పక్కన కార్పెట్ ఎత్తి చూశారు. నేలలో మురుగు పైపు మీది ఇనప జల్లెడ కనిపించింది.

"దీని మీదా దేవుణ్ణి కూర్చోబెట్టారు?"

"కార్పెట్ వేశాం కదా ఆంటీ," అన్నారు మా ఆయన.

"కార్పెట్‌కి ఆగుతుందా నాయనా? మన వీధిలో బాత్‌రూం నీళ్ళూ, రోడ్డు మీది వాన నీళ్ళూ ఒకటే పైప్. మామూలప్పుడు ప్లాంట్‌కెళ్ళి క్లీన్ అవుతాయి. పెద్ద వానొస్తే పైప్ పట్టదు, మురుగంతా అలాగే నదిలోకి పోతుంది. నదీ నిండిందనుకో, ఇదిగో, ఇందులోంచి పైకొస్తుంది. వానప్పుడు పాపని ఇక్కడ పడుకోబెట్టకు."

దేవుణ్ణి పైకి మార్చాం. మా పాప మాత్రం బేస్‌మెంట్‌లోని తన గది వదల్లేదు.

వాకింగ్‌లో రోడ్డు పక్క డ్రెయిన్ మీది ఆకులు వంగి తీసేవారు. బజ్జీల నూనె అందులో వంపిన పక్కింటాయనతో, "లోపల గడ్డకట్టి, మళ్ళీ మీ ఇంటికే వస్తుందండీ," అన్నారు, నవ్వకుండా. మేం నిశ్చింతగా గడిపిన వానలన్నీ ఆవిడ చలవే. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

నిన్న మధ్యాహ్నం ఫ్యూనరల్ నుంచి వస్తుంటే కుండపోత. చావు ఇంటి నుంచి వచ్చి తలస్నానం చేయకుండా ఏదీ ముట్టుకోం కదా. వీధి వీధంతా ఒకేసారి కార్లు దిగి, ఒకేసారి బాత్‌రూముల్లోకి వెళ్ళింది. నా వంతు కోసం తడి చీరతో గరాజ్‌లో నిలబడ్డాను. ఇంట్లోనే ఉన్న పాప బేస్‌మెంట్ నుంచి అరిచింది.

"అమ్మా, ఫ్లోర్ లోంచి ఏదో సౌండ్ వస్తోంది!"

స్నానాలు ఆపమని గ్రూపులో పెట్టాను. ఒక్కరూ చూడలేదు. అందరూ షవర్ల కింద ఉన్నారు.

కిందికి పరిగెత్తాను. పాప మంచం మీద నిలబడి ఉంది. కార్పెట్ మీద నల్లటి తడి మెల్లగా మంచం వైపు వస్తోంది.