పట్టుకునేది కాదు, వాయించేది

ఫిలింనగర్‌లో సెట్ సామాన్ల గోడౌన్ వెనక మా షెడ్డు. అక్కడ నేను బాంజోలు చేస్తాను. పెళ్ళి బ్యాండుల్లో మీటలు నొక్కి వాయిస్తారే, అది కాదు. ఇది పాతకాలం రకం. పనసచెక్క ముక్కలు అతికించి గుండ్రంగా తీసిన చట్రం, దాని మీద బిగించిన మేకతోలు, పొడుగాటి మెడ, అయిదు తీగలు.

మా ఆయన చేసినవన్నీ హీరోలు పట్టుకోవడానికే. పాటలో మోగేది కంప్యూటర్. "కెమెరాకి చెవులుండవే," అనేవాడు నవ్వుతూ. ఆయన పోయాక షెడ్డు ఖాళీ చేసెయ్యమని అందరూ చెప్పారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకాన్ని. ఖాళీ చెయ్యలేదు సరికదా, మోగని బాంజో నా చేతి మీదుగా బయటికి వెళ్ళదని ఒట్టు పెట్టుకున్నాను. అయినా హీరోలు వాటినీ పట్టుకుని గంతులేసి, తిరిగి గోడౌన్‌లో పడేసేవాళ్ళు. చూస్తే ఒళ్ళు మండేది.

కిందటి వానాకాలం ఒక సంగీత దర్శకుడు నా బాంజోని నిజంగా పాటలో వాయిద్దామన్నాడు. మొదటిసారి. జూబ్లీహిల్స్‌లో రికార్డింగ్. ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళాను.

సినిమావాళ్ళు కొబ్బరికాయ కొట్టకుండా టీ కూడా కాచరు. ప్రొడక్షన్ మేనేజర్ పళ్ళెం తెచ్చి దర్శకుడికి, వాయించే అతనికి, ఇంజనీరుకి, ఆఖరికి మైకు స్టాండుకి కూడా బొట్టు పెట్టాడు. నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా ఆయన పోయాక బొట్టు నేను మానలేదు, పెట్టేవాళ్ళే మానేశారు. అలవాటైన సంగతే కదా అని పక్కకి చూశాను. ఆ కాసేపట్లోనే అతను పసుపు తడిపి బాంజో తోలు నిండా అద్ది, మధ్యలో కుంకుమ పెట్టి, పైన కొబ్బరినీళ్ళు కూడా చల్లేశాడు.

"అయ్యో తమ్ముడూ, తోలు తడిపేశావేంటి!"

"దేవుని నీళ్ళే గదక్కా, ఏం గాదు."

తీగ మీటితే తడిసిన గోనెసంచిని తట్టినట్టుంది. దర్శకుడు వాచీ చూసుకున్నాడు. "పర్లేదండీ, కంప్యూటర్లో బాంజో సౌండ్ ఉంది. మీది షూటింగ్‌లో పట్టుకుంటారు లెండి."

పట్టుకుంటారు! "లంచ్ దాకా టైమివ్వండి సార్. అప్పటికీ మోగకపోతే ఇంటికి తీసుకెళ్ళిపోతాను. పట్టుకోవడానికి కూడా ఇవ్వను," అన్నాను. ఆయన నవ్వి సరేనన్నాడు.

డాబా మీదికి తీసుకెళ్ళాను. మేనేజర్ వెనకాలే వచ్చాడు, పాపం, మొహం చిన్నబుచ్చుకుని. "డప్పు లెక్క జర మంట జూపిద్దామా అక్కా? జల్ది గట్టిపడ్తది."

"వద్దు. మరలతో బిగించి ఉన్న తోలిది, ఒక్కసారిగా వేడి తగిలితే చీలిపోతుంది."

మబ్బు పట్టి ఉంది. ఎండ ఎక్కడ పడితే అక్కడికి జరిగాను. ఎండ పోతే కొంగుతో విసిరాను. చేతులు లాగేస్తున్నా మరల జోలికి మాత్రం పోలేదు. తడి మీద బిగిస్తే ఆరాక చిట్లుతుంది. అతను కూడా ఒక అట్టముక్క తెచ్చి పక్కన కూర్చుని విసిరాడు. చాలాసేపటికి గోటితో కొడితే తోలు టక్కుమంది.

కిందికి తెచ్చి శ్రుతి చేసి వాయించే అతనికిచ్చాను. అద్దం ఇవతల నిలబడి విన్నాను. పసుపు మరక అలాగే ఉంది, మోత మాత్రం ఖంగున వచ్చింది. పూర్తయ్యాక ఇంజనీరు బొటనవేలు పైకెత్తాడు. దర్శకుడు, "ఇదే ఉంచుతున్నాం," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

మేనేజర్ సంబరంగా మళ్ళీ పళ్ళెం పట్టుకుని బాంజో వైపు వస్తున్నాడు. అడ్డంగా నిలబడ్డాను.

"దానికొద్దు తమ్ముడూ. నాకు పెట్టు."

అతను పళ్ళెం వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. తర్వాత వేలు బాగా తడిపి, కుంకుమలో అద్ది, నా నుదుట పెద్ద బొట్టే పెట్టాడు.