క్లచ్చు మీది మద్దిచెక్క

పాత ఇనుము, పాత మోటార్లు, పాడైన ఫ్రిజ్జులు కొంటామని మైకులో అరుచుకుంటూ తిరిగే ట్రాలీ ఆటో ఒకటి మా ఊళ్ళోకి వారానికోసారి వస్తుంది. మీ ఊళ్ళోకీ వస్తూనే ఉంటుంది. ఆ మైకులో గొంతు ఎవరిదో గానీ ఊపిరి తీసుకోవడమన్నది ఎరుగదు. పోయిన వేసవికి ముందు ఒక ఉదయం ఆ ఆటో మా కొట్టం ముందు ఆగింది. దిగినవాడు నన్ను పలకరించకుండానే లోపలికి తొంగిచూసి, గుమ్మడితీగ కప్పేసిన నా పాత పికప్ బండి చుట్టూ, సంతలో గేదెను బేరమాడేవాడిలా ఒక ప్రదక్షిణ చేసి, తూకానికి ఎంత రావచ్చునో పెదవులు కదుపుతూ లెక్కవేసుకోసాగాడు. వంటింటి కిటికీలోంచి మా ఆవిడ, ఇచ్చిపారేయండి, కొట్టంలో పిడకలైనా పెట్టుకోవచ్చు, అంది.

తూకానికి! నా బండిని! అది మిలటరీ బండి అండీ. సరిహద్దులో యుద్ధం చూసి, బానెట్ మీద తూటా దెబ్బ తిని, వేలంపాటలో నా చేతికి వచ్చిన బండి. ఈ మాట నేను నలభై ఏళ్ళుగా చెబుతున్నాను కనుక మీకూ చెప్పాను. ఇప్పుడు నిజం కూడా చెబుతాను, ఈ వయసులో అబద్ధాలు మోసే ఓపిక తగ్గింది. అది ఒక కలప కాంట్రాక్టరు దగ్గర నేను నాలుగో యజమానిగా కొన్నది. బానెట్ మీద చిల్లు ఎవరో రేడియో ఏరియల్ కోసం వేసి, వేశాక అది తగిన చోటు కాదని తెలుసుకుని వదిలేసింది.

మా తాతలు కృష్ణ ఒడ్డు నుంచి వచ్చి పెనుబల్లి దగ్గర భూములు కొనుక్కుని మిరప పెట్టినవాళ్ళు. నా చేతికి వ్యవసాయం వచ్చాక, ఆ బండి మీద మిర్చి బస్తాలు ఖమ్మం మార్కెట్టుకు, తిరిగి ఎరువు బస్తాలు దుమ్ముగూడెం వైపు అడవి పల్లెలకు వేసుకుని, నేనే డ్రైవరు, నేనే హమాలీగా పదిహేనేళ్ళు తిరిగాను. ఆ తర్వాత అది కొట్టంలో కూలబడింది. అది నాకు అన్నం పెట్టిందనీ, ఇనుపసామాను వాడికి ఇవ్వడానికి మనసొప్పలేదనీ ఊళ్ళో అందరికీ చెప్పాను. అది సగం మాట. అసలు సంగతి, మా ఆవిడ ముప్పై ఏళ్ళ పైచిలుకుగా ఆ బండి ఎక్కలేదు. ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులని చెబుతూ వచ్చాను. నొప్పులు ఆవిడకు మొన్న మొన్న మొదలైనవి. ఆ సీటులో ఆవిడ మళ్ళీ ఒక్కసారి కూర్చుంటే చూడాలని నాకొక కోరిక. బండిని తూకానికి ఇచ్చేస్తే ఆ కోరిక కూడా తూకంలోనే పోతుంది.

ఆటోవాణ్ణి పంపేసి, బండి బాగుచేయిస్తానన్నాను. బాగుచేసుకోండి గానీ పాల డబ్బులు మాత్రం ముట్టుకోవద్దని ఆవిడ షరతు పెట్టింది. ఇక మిగిలింది మామిడిచెట్ల కౌలు మీద వచ్చే నాలుగు రాళ్ళు. మా రోడ్డు మీది మెకానిక్కును పిలిచాను. ఒకప్పుడు నా బండి చూసిన పాత మెకానిక్కు కొడుకే అతను. ఇప్పుడు అతని తలా నెరిసింది. వచ్చి తీగలు లాగి, ఇంజన్ చూసి, పెద్దాయనా, బండి బాగనే ఉన్నది, నీ తీరే బాగలేదు, అని నవ్వి పనిలోకి దిగాడు.

మొదటి రోజే ఒక విశేషం జరిగింది. వెనక తొట్టిలో సొట్ట తీయడానికి అతను సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడో లేదో, రేకుల అతుకుల్లో అన్నేళ్ళుగా దాక్కున్న మిర్చి దుమ్ము లేచి, అతనూ నేనూ, కొట్టంలో కట్టేసిన రెండు గేదెలూ కలిసి తుమ్మడం మొదలుపెట్టాం. ఆ పక్క సందులో పోయేవాళ్ళు కూడా తుమ్మారు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే తప్ప ఆ బండి మీద చెయ్యి వేయడానికి వీల్లేకపోయింది. మా కాలపు మిర్చి ఘాటు అలాంటిదండీ, ఇప్పటి కాయకు రంగే గానీ ఆ పొగరు ఎక్కడిది?

కొత్త సామాను కొనే స్తోమత లేదు, కొందామన్నా ఆ బండికి దొరకదు. ఒక పాత బస్సు సీటు కోసి ముందు సీటు చేశాం. వైపరు మోటారు ఆటోది. పెట్రోలు ట్యాంకులో గులకరాళ్ళు పోసి, చెరో పక్కా పట్టుకుని ఉయ్యాల ఊపినట్టు ఒక పూటంతా ఊపి తుప్పు రాల్చాం; ఇత్తడి కార్బురేటర్‌ను మా ఆవిడ పూజసామాను తోమే చింతపండుతోనే తోమాను, ఆవిడ చూడకుండా. రంగు బడి గేటుకు వేయగా మిగిలిన నీలం. బండికి మొదటినుంచీ ఉన్న రంగు అదేనని చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పాను. మొదటి రంగు ఏదో నిజానికి నాకూ తెలియదు.

చూడవచ్చిన వాళ్ళకు రంగు ముచ్చటతో పాటు వాగు కథా చెప్పేవాడిని. మా ప్రాంతంలో ఆ కథ వినని వాళ్ళు తక్కువ. నడి వానాకాలం, దుమ్ముగూడెం అవతల ఒక కోయగూడెంలో ఎరువు దించుతున్నాను. నొప్పులు పడుతున్న ఒక చిన్నదాన్ని మంచం మీద మోసుకొచ్చి నా బండిలో పెట్టారు. భద్రాచలం దవాఖానా చేరాలి. దారిలో వాగు బానెట్ ఎత్తున పారుతోంది. ఒడ్డున పులి. నేను ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో హారను పట్టుకుని, పులి కళ్ళలోకి చూస్తూ వాగులోకి దించేశాను. తల్లీ పిల్లా క్షేమం. ఆ పుట్టిన పిల్ల ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. నన్ను నాన్నా అని పిలుస్తుంది, ఏటా అడవి తేనె సీసా తెచ్చి నా చేతిలోనే పెడుతుంది.

ఇక పని చివరికి వచ్చిన రోజు సంగతి. మెకానిక్కు స్టీరింగు కింద వెల్లకిలా పడుకుని పెడళ్ళ మీద గడ్డకట్టిన మట్టి గీకుతున్నాడు. గీకి గీకి ఆగిపోయి, తల బయటకు పెట్టాడు.

“పెద్దాయనా, ఇదేంది? క్లచ్ పెడల్‌కు చెక్క బిగించినవ్? బెత్తెడు మందం ఉన్నది. నీ కాళ్ళు గింత పొడుగు, నీకెందుకయ్యా ఇది?”

నా నోరు ఎప్పటిలాగే నాకన్నా ముందు లేచింది. మిలటరీవాళ్ళు, అని మొదలుపెట్టాను. అప్పుడు చూశాను, మజ్జిగ చెంబు పట్టుకుని మా ఆవిడ కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ పుట్టిల్లు ఎర్రుపాలెం, కోపం వచ్చినప్పుడు గొంతు పెంచదు, తీపి చేస్తుంది.

“చెప్పండి, ఆగారే? మిలటరీవాళ్ళకు పొట్టి కాళ్ళా? నేనూ వింటాను.”

ఆవిడ మనిషి నా భుజం దాకా రాదు. మెకానిక్కు ఆవిడ పాదాలు చూశాడు, చెక్క చూశాడు, నన్ను చూశాడు. అతనికి చెప్పకముందే తెలిసిపోయింది గానీ, చెప్పించుకోవాలని చూస్తున్నది ఆవిడ. చెప్పాను. వాగు దాటిన ఆ రోజు నా కాలు బెణికింది, అందుకని ఈవిడ నడిపింది, అన్నాను.

“ఏ కాలు?” అంది ఆవిడ.

కాలు బెణకలేదు. మంచం మీద ఆ పిల్ల అరుపులు విని, ఆ రక్తం చూసి, నేను బెదిరిపోయాను. తాళంచెవి పెట్టబోతే గలగలమని చప్పుడే గానీ లోపలికి పోదు. భద్రాచలంలో దర్శనం చేసుకుందామని నాతో వచ్చి పక్కన కూర్చున్న ఈవిడ మూడుసార్లు నన్ను కేకేసి, నాలుగోసారి తాళంచెవి లాక్కుని, జరగండి, అంది. అన్నదమ్ములు లేని ఇంట్లో పెద్దపిల్ల, పెళ్ళికి ముందే తండ్రి ట్రాక్టరుతో దుక్కి దున్నిన మనిషి. కాళ్ళు అందక సీటు అంచు మీద వేళ్ళాడుతూ, వాగు దగ్గర దిగి కర్రతో లోతు చూసుకుని, మళ్ళీ ఎక్కి దాటించింది. నేను వెనక తొట్టిలో ఆ పిల్ల అత్తతో కలిసి వాన పడకుండా పట్టా పట్టుకుని కూర్చున్నాను. ఏడ్చాను కూడా. వాగు బానెట్ దాకా లేదు, సగం చక్రం దాకా ఉంది. కానీ సగం చక్రం వాగు చాలు బండి కొట్టుకుపోవడానికి.

“అంటే పులి రాలేదా?” అన్నాడు మెకానిక్కు. అతనికి మిగతా అంతా అర్థమైంది గానీ ఆ ఒక్కటీ తట్టుకోలేకపోయాడు. “చిన్నప్పటి సంది చెప్తివి కదనే!”

“ఎలుగుబంటి,” అన్నాను. ఆవిడ చెంబు కింద పెట్టింది. “గేదె,” అని దిద్దుకున్నాను. “అదీ దూరంగా, నీళ్ళలో పడుకుని.”

“మా నాయనకు ఎరుకేనా ఇది?”

ఎరుకే. ఆ మద్దిచెక్క చెక్కి, రెండు బోల్టులతో బిగించింది అతని తండ్రే. ఎవరికీ చెప్పకుండా పోయాడు, పెద్దమనిషి. చెక్క ఎందుకంటే, ఆ వాగు తర్వాత రెండేళ్ళు అడవిదారిలో బండి ఈవిడే నడిపేది. తిరిగి వచ్చేటప్పుడు మా ఊరి బయట కాలువ వంతెన మీద ఆపి, ఇద్దరం దిగి, అటువాళ్ళం ఇటు మారి, ఊళ్ళోకి నేను నడిపేవాణ్ణి. కోడలు బండి నడుపుతోందంటే మా అమ్మ ఊరుకునేది కాదు, ఊరు అసలే ఊరుకునేది కాదు. వాగు దాటించింది నేనని చెప్పమని మొదట అన్నది కూడా ఈవిడే. ఆ మొదటి అబద్ధం మా ఇద్దరిదీ. కానీ తర్వాత ఒక పంద్రాగస్టు నాడు, బడిలో నన్ను వేదిక మీదికి పిలిచి, వాగులో సాహసం చేసినందుకని శాలువా కప్పారు. ఆడవాళ్ళ వరసలో ఈవిడ కూర్చుని ఉంది. నేను మైకు అందుకుని మొట్టమొదటిసారి పులిని తెచ్చాను. ఆ శాలువా మాత్రం నా ఒక్కడిదే. సభ అయ్యాక వచ్చి చూస్తే ఈవిడ బండిలో లేదు, నడిచి ఇంటికి పోయింది. మళ్ళీ ఎక్కలేదు. ఆ శాలువా చాలా ఏళ్ళు మా ఇంట్లో ఊరగాయ జాడీల మీద కప్పుగా ఉండేది. ఎవరు కప్పారో నేనడగలేదు.

ఆ తర్వాత నేను ఒక్కణ్ణే నడిపిన ఏళ్ళన్నిటా, క్లచ్చు తొక్కినప్పుడల్లా ఆ చెక్క వల్ల నా మోకాలు స్టీరింగుకు కొట్టుకునేది. విప్పలేదు. సరైన స్పానర్ దొరకలేదని నాకు నేను చెప్పుకున్నాను.

ఇదంతా చెప్పి తల వంచుకున్నాను. మెకానిక్కు పెడల్ దగ్గరికి వెళ్ళి, ఇప్పుడు దీన్ని తీసెయ్యాల్నా ఉంచాల్నా అన్నట్టు స్పానర్ పట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడ వంగి, ఆ చెక్కను గోటితో గీకి చూసింది.

“పుచ్చిపోయింది. కొత్తది వేయించండి,” అని, చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మజ్జిగ ఎవరికీ పోయలేదు. అయినా ఆ పూట నాకు దాహం వేయలేదు.

కొత్త చెక్క వడ్రంగి దగ్గర నేనే దగ్గరుండి చెక్కించాను, ఈవిడ చెప్పు ఒకటి కొలతకు పట్టుకెళ్ళి. బండి తయారైన నాలుగో రోజున, తేనె సీసాల పిల్ల దగ్గరికి పోదాం పదండి, దానికి చెప్పాల్సింది మీరే, అంది. నేను అలవాటుగా స్టీరింగు వెనక కూర్చున్నాను. ఆవిడ ఆ పక్క తలుపు దగ్గరికి రాలేదు. నా పక్కకే వచ్చి, మోకాలు పట్టుకుని, మెట్టు మీద కాలు పెట్టి, జరగండి, అంది. ఒక్క క్షణం ఆగకుండా జరిగాను. లైసెన్సు సంగతి మీరడగకండి, దారిలో ఎవరూ అడగలేదు. దుమ్ముగూడెం దాకా మొత్తం ఎవరు నడపాలో దారిలో తేల్చుకుందామంది.

ఊరి నడిబజారులోంచి నడిపింది. కిరాణా కొట్టు ముందు ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. స్కూటీ మీద వెనకాల వస్తున్న ఇద్దరు ఆడపిల్లలు మాత్రం ఇందులో వింతేముంది అన్నట్టు హారను కొట్టి, పక్కనుంచి దాటిపోయారు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకది వింత కాదు. ఇప్పుడా అడవిదారి తారు రోడ్డు. వాగు మీద వంతెన ఉంది. ఫోను చేస్తే గూడెం దాకా అంబులెన్సు వస్తుంది, మా బండి అక్కర ఎవరికీ లేదు, నా పులికీ లేదు. ఇవన్నీ మంచికే జరిగాయి. ముప్పై ఏళ్ళు ఆలస్యంగా జరిగాయనే తప్ప నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కాలువ వంతెన దగ్గరికి రాగానే నా చెయ్యి తనంతట తాను తలుపు పిడి మీదికి పోయింది. ఆవిడ చూసింది, గేరు మార్చింది, బండి ఆపలేదు. ఆ వంతెనను ఈమధ్యే వెడల్పు చేశారు. బండి పక్కకు తీసి, ఇద్దరు దిగి, అటువాళ్ళు ఇటు మారడానికి ఇప్పుడు కావలసినంత చోటుంది.