మైకు వైరు పీకిన నవమి

మా తాతకు చెవుడు తెచ్చింది క్వారీ. ఈ మాట మా ఊళ్ళో ఎవరూ పైకి అనరు. "పెద్దతనం గదమ్మా" అంటారు. పెద్దతనం కాదు. గురజాల దగ్గర సున్నపురాయి క్వారీలో పెళ్ళి కాకముందు నుంచీ పనిచేశాడాయన. రాయి పేల్చేటప్పుడు చెవుల్లో పెట్టుకోవడానికి యజమాని ఏమీ ఇచ్చింది లేదు. మా నాయనమ్మ చేసిచ్చిన దూది ఉండలే దిక్కు.

పగలు రాయి, సాయంత్రం హార్మోనియం. కుర్రతనంలో మాచర్లలో మకాం వేసిన ఒక నాటకాల కంపెనీ వెంట తిరిగి, వాళ్ళ హార్మోనిస్టు బట్టలుతికి, టీలు మోసి నేర్చుకున్నాడట. పెళ్ళిలో మామగారు సైకిలు కొనిస్తానంటే హార్మోనియం పెట్టె అడిగాడని నాయనమ్మ ఇప్పటికీ తిడుతుంది. శనివారం శనివారం రామాలయంలో భజన. మా ఊళ్ళో శ్రుతిలో పాడగలిగిన ప్రతివాడూ ఆయన చేత తిట్లు తిన్నవాడే.

నేను డిగ్రీకి వచ్చేసరికి ఆయనకు వినికిడి బాగా తగ్గింది. నరం దెబ్బతిందని, మిషను పెట్టినా లాభం ఉండదని నరసరావుపేటలో డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే తాత హార్మోనియం తీశాడు. వేళ్ళు తప్పలేదు. గొంతే శ్రుతి తప్పింది.

ఆ ఏడు శ్రీరామనవమికి క్వారీ యజమాని గుడికి కొత్త మైకు సెట్టు ఇచ్చాడు. స్పీకరు డబ్బాల మీద ఆయన పేరు ఎర్ర రంగుతో రాశారు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తాత ఎప్పటిలాగే చెక్కల వేదిక మీద ముందు వరుసలో కూర్చుని, కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. పందిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. భజన సమాజం పెద్ద, తాత దగ్గరే సరిగమలు నేర్చుకున్న మనిషి, మెల్లగా వంగి తాత ముందున్న మైకు వైరు పీకేశాడు. వెనక మైకులో తను అందుకున్నాడు. తాత పాడుతూనే ఉన్నాడు, మెడ నరాలు ఉబ్బేట్టు, చెమటలు కారుతూ. ఊరంతా చూస్తోంది. ఒక్కరూ లేవలేదు.

నేను వేదిక దగ్గరికి వెళ్ళాను. "వైరు పెట్టు బాబాయ్."

"ఊరుకోవే. తాత పరువు పోకూడదనే గదా."

"ఎవుడి పరువు? ఆయన చెవులు ఎట్టా పోయినయ్యో నీకు తెలవదా? పోగొట్టినోడి పేరు డబ్బాల మీద రాసేటప్పుడు గుర్తు రాలా పరువు?"

యజమాని ముందు కుర్చీలోనే ఉన్నాడు. ఫోను చూసుకుంటున్నట్టు తల దించుకున్నాడు. మా నాన్న వచ్చి నా రెక్క పట్టుకుని పందిరి బయటికి లాక్కెళ్ళాడు. "ఆయన లారీ తోలుకుని బతుకుతున్నాం. నోర్ముయ్" అన్నాడు పళ్ళు కొరుకుతూ. ఆ మాట నిజమే. అందుకే అదంటే ఇంకా మంట.

పాట మొత్తం అయ్యాకే తాత దిగి వచ్చాడు. దారిలో ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాను.

"నీ మైకు పీకేశారు తాతా!"

"తెలుసులేవే. ముందు నేను గొంతెత్తినప్పుడల్లా స్పీకరు అదురు చెక్కల్లోంచి మోకాళ్ళకి తగిలింది. ఆనక నా గొంతుకి తగల్లా."

"మరి లేచి రాలేదేంది?"

"సగం పాటలో ఎట్టా లేస్తారే?"

ఆ గొంతులో బాధ లేదు, విసుగు ఉంది. అంత చిన్న సంగతి నాకు తెలియనందుకు. నాకు ఆయన మీదా కోపం వచ్చింది. వాళ్ళను ఒక్క తిట్టు తిడితే ఏం పోయేది?

ఆ తర్వాత ఆయన గుడికి వెళ్ళలేదు. వాళ్ళూ పిలవలేదు. సాయంత్రాలు మా వసారాలోనే పాడేవాడు. నేను ఎదురుగా కూర్చుని, ఆయన గొంతు కిందికి జారితే అరచెయ్యి పైకెత్తేదాన్ని, పైకి పోతే దించేదాన్ని. నా చెయ్యి చూస్తూ సర్దుకునేవాడు. ఎక్కువసార్లు కుదిరేది కాదు. "మళ్ళా" అనేవాడు. ఎప్పుడైనా గొంతు సరిగ్గా వచ్చి కూర్చుంటే, నా చెయ్యి కదలకపోవడం చూసి, పాట ఆపకుండానే నవ్వేవాడు. టీవీ వినపడటం లేదని పక్కింటి పెద్దమ్మ గొణిగితే నాయనమ్మ చీపురు పట్టుకుని లేచేది.

కిందటి ఎండాకాలం పోయాడు. సంతాప సభ పెడతామని సమాజం పెద్ద ఇంటికి వచ్చాడు. "మా గురువమ్మా" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు నిజమే కావచ్చు. నాయనమ్మ మంచినీళ్ళిచ్చింది. నేను రానని మొహం మీదే చెప్పాను. సభ బాగా జరిగిందట.

"మనిషే పోయినాక ఇంకా ఎందుకే అంత కోపం?" అంటుంది మా అమ్మ. తాత తన కోసం తాను ఒక్కనాడూ కోప్పడలేదు. ఆయన బదులు నేను పడుతున్నాను.